మహారాజపోషకురాలు

ప్రొద్దుటూరులో సభ పెట్టడం కష్టమైన పని కాదు. పొగడ్త సరిగ్గా తూగేటట్టు చూసుకోవడమే కష్టం. బంగారు అంగళ్ళ ఊరు, మాటను కూడా కాటాలో వేసి చూస్తారు. పైగా పుట్టపర్తి నారాయణాచార్యులు, గడియారం వేంకట శేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని నడిచిన వీధులు ఇవి. యతి తప్పితే ముందు వరసలోని ముసలాయన ఎవరో ఒకరు దగ్గి మరీ తెలియజేస్తారు. నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, పద్యం జోలికి పోను. అందుకేనేమో నన్ను ఎక్కువగా పిలిచేది సంవత్సరీకాలకూ, ఫొటో ఆవిష్కరణలకూ. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు, మధ్యలో ఒక రాజు, ఒక శాసనం, రెండు తేదీలు. చివర శాలువా.

ఆ ముగ్గురు అన్నదమ్ములూ మా ఇంటికి వచ్చింది అలాంటి పని మీదనే. పెద్దాయనకు ప్రొద్దుటూరులో బంగారు వ్యాపారం. నడిపాయనకు జమ్మలమడుగు దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీ. చిన్నాయనకు పులివెందులలో చీనీ తోటలు, అరటి తోటలు. ముగ్గురూ ఒకే కారులో వచ్చారు. ఒకే కారులో రావడం ఊళ్ళో జనానికి కొంచెం వింతగానే ఉండి ఉంటుంది.

“మా యమ్మ పోయి సంవత్సరం కావస్తాండాది సార్. ఆమె పేరు మీద నిత్యాన్నదాన సత్రం తెరుస్తాండాం. మీరు మాట్లాడాల,” అన్నాడు పెద్దాయన.

“ఊరికే మాట్లాడితే చాలదు సార్. అమ్మను పెద్దోళ్ళెవురితోనన్నా పోల్చాల. ఝాన్సీ లక్ష్మీబాయి, రుద్రమదేవి వద్దు. అందరూ వాళ్ళనే చెప్తారు,” అన్నాడు చిన్నాయన.

“మన గండికోట రాణులెవురూ లేరా?” అని నడిపాయన. ఆయన ఫ్యాక్టరీ అటువైపే కదా.

గండికోట అంటే పెమ్మసాని నాయకుల పేర్లు చెప్పగలం, మీర్ జుమ్లా కోట పట్టిన సంగతి చెప్పగలం, 1652లో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ గురించి చెప్పగలం. కళలను పోషించిన ఆడమనిషి పేరు ఒకటి చెప్పమంటే నాకు నోరు పెగలలేదు. ఆలోచిస్తానన్నాను.

వాళ్ళ అమ్మను నేనెరుగుదును. పెన్న ఒడ్డున, జమ్మలమడుగుకు ఇవతల నల్లరేగడి పల్లెలో వాళ్ళ పాత మిద్దె ఉండేది. ఆ మిద్దె అరుగు మీద హరికథ చెప్పని దాసు, బొమ్మ ఆడించని తోలుబొమ్మలాటవాడు ఈ చుట్టుపక్కల లేడంటే అతిశయోక్తి కాదు. ఆమెకు చదువు రాదు. అయినా కథలో దాసు ఎక్కడ రెండు కీర్తనలు ఎగ్గొట్టి మంగళం పాడాడో పట్టేసేది. పట్టేసి, ఎగ్గొట్టినవాటిని భోజనాలయ్యాక మళ్ళీ పాడించుకునేది. కాసులపేరు అమ్మి ఒక హరిదాసు కూతురి పెళ్ళి చేసిందని మూడు ఊళ్ళూ చెప్పుకునేవి. మొగుడు అడిగితే “దాచుకుంటే దొంగలెత్తుకపోతారు, పెట్టుకుంటే మెడ నొస్తాది” అన్నదట. వచ్చినవాళ్ళకు పాట కంటే ముందు తిండి. జొన్న సంగటి, ఊరిబిండి, పండగైతే ఓళిగలు. ఆకలితో పాడినవాడి గొంతులో దేవుడు పలకడని ఆమె నమ్మకం.

పోస్టర్లలో ‘మహారాజపోషకులు’ అని వేయించుకునేవాళ్ళను చాలామందిని చూశాను. ఆమె పేరు ఏ పోస్టరు మీదా చూడలేదు.

భర్త పోయాక మిద్దె పడింది, భూములు పంచుకున్నారు, ఆమెనూ పంచుకున్నారు. ప్రొద్దుటూరులో నాలుగు నెలలు, జమ్మలమడుగులో నాలుగు నెలలు, పులివెందులలో నాలుగు నెలలు. ఇందులో తప్పు పట్టడానికేం లేదు, ఇంటింటా ఉన్నదే. వంతు మారే రోజు ఆమెను దింపడానికి వచ్చే కారు ఎప్పుడన్నా ఒకరోజు ముందు వచ్చేదేగానీ, ఒకరోజు ఆలస్యమైన దాఖలా లేదని మాత్రం విన్నాను.

రెండు రోజులకు నాకు జర్మనీ నుంచి ఫోన్ వచ్చింది. నడిపాయన కొడుకు. హానోవర్లో ఉద్యోగం. సంవత్సరీకానికి రాలేకపోతున్నాడట.

“మా జేజిని సోఫియాతో పోల్చండి సార్. ఈ ఊర్లో పెద్ద తోట ఒకటుంది, ఆమె పెంచిందే. ఆదివారం పూట అక్కడికే పోతాను. ఎప్పుడు పోయినా జేజే గుర్తొస్తుంది,” అన్నాడు.

పిల్లవాడు చెప్పింది బాగానే ఉంది. 1630లో పుట్టిన సోఫియా హానోవర్ ఎలెక్టరు భార్య. హెరెన్‌హౌసెన్ తోట ఆమె ముచ్చట. లైబ్నిట్జ్ అంతటి తత్త్వవేత్త, గణితవేత్త ఆ సంస్థానంలో గ్రంథాలయం చూసుకుంటూ, ఆమెతో నడుస్తూ, ఉత్తరాలు రాస్తూ, లోకంలో ఉన్న ప్రతి విషయం మీదా వాదించేవాడు. ఇంగ్లండు సింహాసనానికి తర్వాతి వారసురాలు ఆమేనని 1701లో అక్కడి పార్లమెంటు చట్టం చేసింది. 1714 జూన్ 8న, 83 ఏళ్ళ వయసులో, అదే తోటలో నడుస్తుండగా వాన అందుకుంది. తడవకుండా ఉందామని గబగబా నడిచి అక్కడే కూలి ప్రాణం విడిచింది. మరో రెండు నెలలకు ఇంగ్లండు రాణి ఆన్ చనిపోయింది. కిరీటం సోఫియా కొడుకు జార్జికి దక్కింది. ఆ కొడుకు లండనుకు పోతూ లైబ్నిట్జ్‌ను వెంట తీసుకుపోలేదు, ముందు మా వంశచరిత్ర రాయడం పూర్తి చేయమని హానోవర్లోనే ఉంచేశాడు. 1716లో లైబ్నిట్జ్ పోతే దర్బారు కదల్లేదు, సమాధి మీద చాలా ఏళ్ళపాటు పేరు కూడా లేదు. తల్లి నెత్తిన పెట్టుకున్నవాణ్ణి కొడుకు గుమ్మం బయట నిలబెట్టడం ఒక్క జర్మనీ విద్యే కాదులెండి. ఈ అన్నదమ్ముల తల్లి పోయిన మూడో నెలలో ముసలి హరిదాసు ఒకాయన ప్రొద్దుటూరు ఇంటికి వస్తే, గేటు దగ్గరే వంద రూపాయలిచ్చి పంపించారని ఆయనే నాతో చెప్పాడు.

అయితే మా సభలో సోఫియా అంటే ఎవరికీ ఎక్కదు. ఆ మాటే చెప్పాను. “మదురై రాణి మంగమ్మను చెప్తాను నాయనా. ఇద్దరిదీ ఒకటే కాలం. ఈమె మన మనిషి.”

“సరే సార్. నాకొక్క పని చేసిపెట్టండి. జేజి పడుకునే రూము ఫొటో ఒకటి తీసి పంపండి. చివర్లో పెదనాయన వాళ్ళింట్లోనే కదా ఉండింది. నేనెప్పుడూ చూడలేదు. వీడియో కాల్ చేసినప్పుడల్లా హాల్లో సోఫాలో కూర్చోబెట్టి చూపించేవాళ్ళు.”

సభకు ముందురోజు పెద్దాయన ఇంటికి పోయాను. ఇల్లు కాదు, మేడ. గ్రానైటు మెట్లు, టేకు తలుపులు, హాల్లో అమ్మ నిలువెత్తు ఫొటో, దానికి గంధపు దండ. ఇంటి వెనకే రేకుల షెడ్డు, గాడిపొయ్యి, వరసగా పెద్ద పెద్ద డేగిసాలు. తండ్రి పేరు మీద సోమవారం సోమవారం అక్కడ అన్నదానం జరుగుతోంది, ఆయన పోయిన ఏడాది నుంచీ. మూడు వందల మందికి తగ్గకుండా వండుతారు. రేపటి నుంచి అమ్మ పేరు మీద రోజూ. పెద్దాయన డేగిసాల మూతలు తీసి మరీ చూపించాడు. ఆ మాట ఒప్పుకోవాలి, సరుకు దగ్గర పిసినారితనం లేదు. మంచి బియ్యం, మంచి నెయ్యి.

అమ్మగారి గది చూడొచ్చా అని అడిగాను.

“రూమా? దాంట్లో ఇప్పుడు ఇన్వర్టరు, బ్యాటరీలు పెట్టినాం సార్. వాసన. ఫొటోకు బాగుండదు. ఇదో, ఈ ఫొటో తీసుకోండి,” అని హాల్లో దాన్ని చూపించాడు.

ఆయనకు ఫోన్ వచ్చి పక్కకు పోయాడు. నేను షెడ్డు దగ్గర నిలబడ్డాను. గిన్నెలు తోముతున్న ముసలామె తలెత్తి చూసింది. పెద్దామె పాత మిద్దెలో ఉన్నప్పటి నుంచీ ఆమె వెంట ఉన్న మనిషి. గుర్తుపట్టి పలకరించాను. ‘పెద్దామె సుఖంగా పోయిందా’ అని, అందరూ అడిగే మాటే అడిగాను.

“సుగరని చెప్తాండ్రి సార్,” అంది ఆమె, గిన్నె తోముతూనే. “అది కాదు సంగతి. తింటే పక్క పాడు చేస్తాదని. పొద్దున రెండు ఇడ్లీ, రాత్రికి గలాసుడు జావ. మద్యాన్నం ఏమీ ల్యా. ఈడ సోమవారమొస్తే తాలింపు ఏస్తారు, ఆ గాటు ఇంట్లోకే పోతాది. ‘ఏమే, ఈపొద్దు పులిహోర గదా’ అంటాండె. వాసన బట్టే చెప్పేది, ఏ వారమూ తప్పు చెప్పలా. ‘రవ్వంత తెచ్చిపెట్టే’ అంటాండె. రెండు మూడు తూర్లు కొంగులో పెట్టుకోని పోయి ఇచ్చినా. చూసినారు. నన్ను ఈ ఎనక పనికి ఏసినారు.”

ఇంకేమన్నా చెప్తుందేమోనని చూశాను. డేగిసాను బోర్లించి నీళ్ళు వంచింది, అంతే.

నేను రాసిపెట్టుకున్న ఉపన్యాసంలో మంగమ్మ జీవితం మూడొంతులే ఉంది. నాలుగో వంతు సంవత్సరీకంలో చెప్పేది కాదని వదిలేశాను. ఆ రాత్రి కాగితాలు ముందేసుకుని, దాన్నీ చేర్చాను.

మరుసటి రోజు సభ నిండింది. బెంగళూరు నుంచి చుట్టాలు, మూడు ఊళ్ళ పెద్దమనుషులు, షెడ్డులోంచి పోపు ఘుమఘుమ. ముగ్గురు కొడుకులూ తెల్ల బట్టల్లో వేదిక మీద ఉన్నారు. ముందు పెద్దామె గురించి, ఆ అరుగు గురించి, కాసులపేరు గురించి చెప్పాను. చప్పట్లు పడ్డాయి. తర్వాత మంగమ్మను ఎత్తుకున్నాను.

విజయనగరం నుంచి పోయి మదురైలో పాతుకున్న తెలుగు నాయక రాజుల ఇంటి కోడలు మంగమ్మ. తుపాకుల లింగమనాయకుడి కూతురు. 1682లో భర్త చొక్కనాథుడు పోయాడు. కొడుకు రంగకృష్ణ ముద్దువీరప్ప ఏడేళ్ళు ఏలి, 1689లో మశూచితో పోయాడు. అప్పటికి కోడలు కడుపుతో ఉంది. మగపిల్లవాణ్ణి కని ఆమె కూడా పోయింది. ఆ పసిగుడ్డుకు పట్టం కట్టి, వాణ్ణి పెంచుతూ, 1706 దాకా నానమ్మే రాజ్యం నడిపింది. చుట్టూ మొగలులు, మైసూరు, తంజావూరు, రామనాథపురం. కప్పం కట్టాల్సిన చోట కట్టింది, కత్తి దూయాల్సిన చోట దళవాయి నరసప్పయ్యను పంపింది. తిరువాన్కూరు కప్పం ఎగ్గొడితే 1697లో సేనను పంపి రాబట్టింది. ఏసుసభ ఫాదర్లను ఆదరించింది. ఆమె చేతిలో రాజ్యం ఉన్నప్పుడే తిరుచిరాపల్లి దర్గాకు ఊళ్ళు రాసిచ్చారు.

ఇవన్నీ రాజులు చేసే పనులే. జనం ఆమెను గుర్తుపెట్టుకున్నది మాత్రం సత్రాలతో, బాటలతో, చెట్లతో. ఒకనాడు పరధ్యానంగా ఎడమచేత్తో తాంబూలం నోట్లో పెట్టుకుందట. ఆ దోషం పోవడానికి బాటలు వేయించి, ఇరుపక్కలా చెట్లు నాటించి, నడిచిపోయేవాళ్ళకు సత్రాలు కట్టించిందని కథ. తాంబూలం తప్పుకు అంత ప్రాయశ్చిత్తమా అని నవ్వుకోవచ్చు. మదురై రైల్వే స్టేషనుకు ఎదురుగా మంగమ్మ సత్రం ఇప్పటికీ ఉంది. ఆమె తముక్కం మహలులో 1959 నుంచి గాంధీ మ్యూజియం ఉంది. మీనాక్షి గుడిలో ఊయల మంటపం కప్పు మీద మనవణ్ణి పక్కన పెట్టుకున్న ఆమె బొమ్మ ఉంది.

ఇక్కడ సభ మళ్ళీ చప్పట్లు కొట్టింది. నేను ముందు రాసుకున్న మూడొంతులూ అయిపోయాయి. చిన్నాయన శాలువా మడత విప్పుతున్నాడు.

“ఇంకొంచెం ఉంది,” అన్నాను.

మనవడు పెద్దవాడయ్యాడు. పేరు విజయరంగ చొక్కనాథుడు. మంగమ్మ రాజ్యం అప్పగించడానికి ఆలస్యం చేసిందని కొందరు, మంత్రితో ఆమెకు సంబంధం అంటగట్టి మనవడి చెవిలో విషం పోశారని కొందరు అంటారు. ఏదైతేనేం, ఆమెను ఒక గదిలో పెట్టి తాళం వేశారు. ఇది శాసనాల్లో ఉన్నది కాదు, మదురైలో జనం తరతరాలుగా చెప్పుకునేది. చంపడానికి కత్తి వాడలేదు, విషం వాడలేదు. అన్నం పెట్టలేదు. పెట్టకపోవడం కూడా కాదు. రోజూ వేడివేడిగా వండి, కిటికీ ఊచల అవతల, కంటికి కనిపించేటట్టు, వాసన ముక్కుకు తగిలేటట్టు, చేతికి మాత్రం అందనంత ఎడంలో పెట్టించేవారు. దేశమంతటా సత్రాలు కట్టించి దారినపోయేవాళ్ళ కడుపు నింపిన మనిషి, ఆ కిటికీ దగ్గర కూర్చుని అన్నం వైపు చూస్తూ చూస్తూ పోయింది.

మనవడు తర్వాత పాతికేళ్ళకు పైగా ఏలాడు. పరమభక్తుడు. గుళ్ళకు విరివిగా దానాలు చేశాడు. తెలుగులో శ్రీరంగ మాహాత్మ్యం, మాఘ మాహాత్మ్యం వచనంలో రాశాడు. కవులను పోషించాడు. ఆ రోజుల్లో అంతటి దాత లేడని పేరు తెచ్చుకున్నాడు.

నేను కూర్చున్నాను. ఈసారి చప్పట్లు పడలేదు. ఆడవాళ్ళ వైపు ముక్కులు చీదుకోవడం వినపడింది. గిన్నెలు తోమే ముసలామె షెడ్డు గుంజకు ఆనుకుని నిలబడి ఉంది. మైకు పట్టుకున్న కుర్రాడు ఏం చెప్పాలో తోచక “ఇప్పుడు భోజనాలు” అన్నాడు. శాలువా కప్పారు. కప్పిన పెద్దాయన చేతులు నా భుజాల మీద కొంచెం గట్టిగానే పడ్డాయి.

మొదటి బంతికి పిలుపొచ్చింది. నేను పోలేదు. వేదిక వెనక కుర్చీలో కూర్చుని చెప్పుల కోసం వంగాను. తెర అవతల ముగ్గురు అన్నదమ్ములూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

“కవరిచ్చి పిలుచుకొచ్చి బజారులో నిలబెట్టించుకున్నట్లయింది,” అంటున్నాడు పెద్దాయన. “ఆ కిటికీ కథ ఎందుకు చెప్పాల ఆయన? బెంగళూరోళ్ళంతా నా మొగం పక్కే చూస్తాండ్రి. మనల్నే అన్నాడనుకుంటారు.”

“ఊరికే చెప్పినాడులే. చరిత్ర గదా,” అన్నాడు నడిపాయన.

“నువ్వూరికే బయపడతాండావున్నా,” అన్నాడు చిన్నాయన. “ఎట్లనుకుంటారు? ఆ మంగమ్మంటే కిటికీలోంచి అన్నం చూస్తా చచ్చిపాయె. అమ్మ రూముకు కిటికీ యాడుండాది?”